టవరుకు వీపు పెట్టిన యాంటెన్నా

పిల్లలూ, మీరు ఈ ఉద్యోగంలో చేరేసరికి చేతికి ట్యాబ్ ఇస్తున్నారు. అందులో మ్యాపు, మ్యాపు మీద రంగులు. సిగ్నల్ ఉన్నచోట ఆకుపచ్చ, లేనిచోట ఎరుపు. నేను చేరిన రోజున నాకిచ్చినవి ఒక కటింగ్ ప్లయరు, ఒక నిచ్చెన, "జాగ్రత్త" అనే ఒక మాట. వాటితోనే ముప్పై ఆరేళ్ళు టెలిఫోన్ శాఖలో నెట్టుకొచ్చి కిందటేడు దిగిపోయాను. వీడ్కోలు సభలో నేను వేసిన లైన్ల గురించి, నిలబెట్టిన టవర్ల గురించి అందరూ గొప్పగా మాట్లాడారు. అవన్నీ వింటూ కూర్చున్న నాకు ఎందుకో ఒక బకెట్టెడు పేడనీళ్ళు గుర్తొచ్చాయి. నవ్వు ఆపుకోలేక కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. దండ వేసినాయన అది ఉద్యోగం మీద మమకారం అనుకుని భుజం తట్టాడు.

ఆ పేడనీళ్ళ సంగతే చెబుతాను. మా చర్చి సంఘంలో ముప్పై ఏళ్ళుగా సండే స్కూలు నడుపుతున్నవాణ్ణి. ప్రతి దాంట్లోనూ ఒక పాఠం వెతికే అలవాటు. అది మధ్యలో తొంగిచూస్తే ఓర్చుకోండి.

అరకు నుంచి జీపులో గంటన్నర ప్రయాణం ఆ ఊరు. తారు రోడ్డు అయిపోయాక మట్టి రోడ్డు, మట్టి రోడ్డు అయిపోయాక మా డ్రైవరు నోటికొచ్చే మాటలు. ముప్పై చిల్లర ఇళ్ళు. చుట్టూ కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. తూర్పున పెద్ద కొండ. ఆ కొండకు అవతల రైలు కట్ట, కట్ట పక్కనే మా టవరు. గీత గీసి కొలిస్తే పట్టుమని ఎనిమిది కిలోమీటర్లు లేదు. కానీ కొండ అడ్డం. ఊళ్ళో ఎవరి ఫోను చూసినా ఒక్క గీత కూడా ఉండేది కాదు. ఫోను చేయాలంటే కొండ నడుం దాకా గంటసేపు ఎక్కాలి. అక్కడొక నేరేడు చెట్టు ఉంది. ఊరివాళ్ళు దాన్ని "ఫోను సెట్టు" అంటారు. రేషను వేలిముద్ర కోసం ముసలివాళ్ళు కూడా ఆ చెట్టు దాకా ఎక్కాల్సిందే. స్కూలు మేస్టారు హాజరు కోసం రోజూ పొద్దున్నే ఎక్కి దిగేవాడు. ఆ ఉద్యోగంలో ఆయనకు వచ్చిన లాభమల్లా సన్నబడటమే.

ఆ ఊరి నుంచి ఒకనాడు మా ఆఫీసుకు ఒకామె వచ్చింది. ఊళ్ళో గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే ఆశా కార్యకర్త. అర్జీ బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. ముందటేడు ఆమె చెల్లెలికి నొప్పులొచ్చాయి. ఈమె కొండెక్కి అంబులెన్సుకు ఫోను చేసి, దిగి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఆ చెల్లెలికే మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

"ఈ పాలి నాను కొండెక్కలేనండి సారూ," అంది. "కాళ్ళు లేక కాదండి. ఎక్కుతున్నంతసేపూ యెనక్కి సూడాలనిపిస్తాది."

నేను గొంతు సవరించుకుని, "దేవుని చిత్తమైతే తప్పకుండా చేద్దామమ్మా," అన్నాను. ఆమె కూడా విశ్వాసే. వాళ్ళ పక్క ఊళ్ళో చిన్న సంఘం ఉంది.

"దేవుడి సిత్తమేటో నాకు తెలుసండి. తవఁరి సిత్తమేటో సెప్పండి," అంది.

వచ్చే వారం వస్తానన్నాను.

టవరు కట్టడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది సిమ్ కార్డు వేసి గోడకు తగిలించే ఫోను పెట్టె ఒకటి, దానికి బయట బిగించే యాంటెన్నా ఒకటి, నడపడానికి చిన్న సోలార్ పలక ఒకటి. స్టోర్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగాటి యాగీ యాంటెన్నా ఏరుకున్నాను. పాతకాలపు టీవీ యాంటెన్నాలు మీరు చూసే ఉండరు. పెద్ద చేప వెన్నెముక ఊహించుకోండి, సరిపోతుంది.

ఇక్కడ ఒక్క ముక్క మీకు చెప్పాలి. గెయిన్ ఎక్కువున్న యాంటెన్నా అంటే అది తనలోంచి శక్తిని పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఏమీ పుట్టించదు. నాలుగు దిక్కులకూ పెట్టాల్సిన చెవిని ఒక్క దిక్కుకే పెడుతుంది, అంతే. టార్చిలైటులో బల్బు వెనక ఉండే మెరుపు గిన్నె చేసే పని అదే. ఎంత దూరం వినాలనుకుంటే అంతగా మిగతా దిక్కులు వదులుకోవాలి. కాబట్టి తప్పు దిక్కుకు పెట్టిన పెద్ద యాంటెన్నా కంటే ఏ దిక్కూ పట్టించుకోని తీగముక్క నయం. ఈ సంగతి నేను శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు కూడా.

మేం వెళ్ళింది చైత్రమాసంలో, ఇటుకల పండగ మొదలైన రోజున. మన్యంలో ఆ పండగకు మగాళ్ళు వేటకు వెళతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేసి, ఆడుతూ పాడుతూ వచ్చేపోయే బళ్ళను ఆపి పండగ మామూలు అడుగుతారు. వేటకెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాడికి పేడనీళ్ళతో స్వాగతం. ఊరి మొదట్లోనే మా జీపుకు దుంగ అడ్డొచ్చింది. పదిమంది ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నిలబడ్డారు.

నేను ఇబ్బందిపడ్డాను. వాళ్ళ దేవుడి పండగకు నేను చందా ఇవ్వవచ్చా, ఇవ్వకపోతే వాళ్ళను అవమానించినట్టా అని జేబులో చెయ్యి పెట్టి లోపల్లోపల వాక్యాలు వెతుక్కుంటున్నాను. మా డ్రైవరు శ్రీకాకుళం వైపువాడు, పక్కా అమ్మవారి భక్తుడు, నాతో పదిహేనేళ్ళుగా తిరుగుతున్నవాడు. నేను పాస్టరును కాకపోయినా నన్ను "పాస్టరుగారూ" అనే పిలిచేవాడు. నా అవస్థ చూసి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఓలమ్మా, మా సారు కూడా యేటకే వొచ్చినాడు. దారొగ్గండి!"

"ఏటి యేట?" అంది ముందు నిలబడ్డామె. ముక్కుకు మూడు నత్తులు, చేతుల నిండా పచ్చబొట్లు, నోట్లో అడ్డపొగ. అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆమె మాట్లాడితే పొగ ఎక్కడినుంచి వస్తోందో తెలిసేది కాదు.

"సిగ్నల్ యేట! మీ ఊరికి సిగ్నలు పట్టి తెస్తాడు."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని పకపక నవ్వారు. మూడు నత్తులామె చుట్ట తీసి నా వైపు చూసింది.

"అలాగైతే మామూలొద్దు. ఎల్లు బాబూ. పట్టి తెస్తే సరే. కాళీగా దిగితే మాత్రం నీలు కలిపి ఉంచుతాం."

"ఒప్పుకున్నాం!" అన్నాడు డ్రైవరు. నన్నెవరూ అడగలేదు.

ఆమె ఎవరో కాదు, మా ఆశా కార్యకర్తకు తల్లి. వయసు నా అంతే ఉంటుందేమో, అయినా మొదటినుంచి చివరిదాకా నన్ను "బాబూ" అనే పిలిచింది. ఆమె ఇంటి వసారా గోడకే ఫోను పెట్టె తగిలించాలని ముందే అనుకున్నాం. లోపల చాప మీద రెండో కూతురు, ఆ నిండు నెలల పిల్ల, గోడకు ఆనుకుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది. నన్ను చూసి సిగ్గుగా నవ్వింది. తరవాత నేను అప్పుడే గోడకు తగిలించిన పెట్టె వైపు చూసింది. ఆ రెండో చూపులో నవ్వు లేదు.

నేను దిక్సూచి తీశాను. టవరు సరిగ్గా ఎటువైపుందో లెక్క చూసుకుని తూర్పు కొండ వైపు చెయ్యి చాపాను. మూడు నత్తుల ముసలామె నా పక్కనే నిలబడి చూస్తోంది.

"అటేటుంది బాబూ?"

"టవరమ్మా. రైలు కట్ట పక్కన."

"రైలు బండి కూత మాకు అటునుంచి ఇనబడదు," అంది. "ఇటునుంచి ఇనబడతాది." పడమటి వైపు చూపించింది. అక్కడ ఊరికి ఎదురుగా ఒక నిట్టనిలువు రాతి గోడ ఉంది. చెట్టూ చేమా లేని బోడి రాయి. ఎండకు తెల్లగా మెరుస్తోంది. "బండి ఆ తూరుపు కొండ యెనకాల ఎలతాది. కూత మాత్రం ఈ రాయే కూస్తాది."

నేను చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. "శబ్దం వేరు, సిగ్నల్ వేరమ్మా. ఇది కంటికి కనబడదు, చెవికి వినబడదు," అని సండే స్కూలు గొంతుతో చెప్పాను.

"కనబడదు, ఇనబడదు. మరి నువ్వెలాగ పడతావు?" అంది ఆమె. డ్రైవరు దగ్గు వచ్చినట్టు నటిస్తూ జీపు చాటుకు వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను చేసిన పని ఇది. యాంటెన్నా మోసుకుని ఫోను చెట్టుకు కొంచెం కింద దాకా ఎక్కాం. కర్రకు కట్టి టవరు వైపు తిప్పి మీటరు పెట్టాను. సిగ్నల్ పొంగిపొర్లింది. "స్తోత్రం!" అని అరిచాను. అక్కడినుంచి కాఫీ మొక్కల మధ్యగా వసారా దాకా కేబులు పరిచాం. చుట్ట మీద చుట్ట విప్పాం. కిందికొచ్చి పెట్టెకు తగిలిస్తే ఎర్రలైటు. మీటరులో ఏమీ లేదు. పైన పట్టుకున్న సిగ్నలంతా ఆ పొడుగాటి కేబులే దారిలో తాగేసింది. కేబులు తాగుతుందని నాకు తెలియక కాదు. పెద్ద యాంటెన్నా ఉంది కదా, తాగినా ఇంకా మిగులుతుందని మొండి ధైర్యం.

సాయంత్రానికి వేటకెళ్ళిన మగాళ్ళు కూడా ఉత్త చేతులతోనే దిగారు. ఆడవాళ్ళు వరసగా నిలబెట్టి పేడనీళ్ళు కుమ్మరించారు. కేకలు, నవ్వులు, డప్పులు. వరస చివర నన్ను కూడా నిలబెట్టారు. మాట తప్పడం విశ్వాసికి తగదని నిలబడ్డాను. ముసలామె బకెట్టు ఎత్తి తలమీంచి పోసింది. నిజం చెప్పాలంటే, ఎండలో కొండెక్కి దిగిన ఒంటికి చల్లగా హాయిగానే ఉంది.

"పాస్టరుగారూ, తవఁరికి ఇది రెండో బాప్తిస్మమేటి?" అన్నాడు డ్రైవరు జీపు టాపు మీద కూర్చుని.

"నువ్వూ వేటకొచ్చినవాడివే కదరా, దిగు," అన్నాను. దిగేలోగానే ఇద్దరు పిల్లతల్లులు రెండు వైపులా చుట్టుముట్టి అతని సంగతి చూశారు.

మర్నాడు ఆదివారం. ఆశా కార్యకర్త వెంట పక్క ఊరి సంఘానికి వెళ్ళాను. రేకుల పాక, నలభైమంది మనుషులు, ఒక డోలక్, దేవుడికి వినబడక తప్పని పాటలు. ఆరుబయట వండిన కూరలో ఉప్పు ఎక్కువైనట్టు, అక్కడ ఆరాధనలో ఉత్సాహం కాస్త ఎక్కువ. నాకు అదే ఇష్టం. బయటినుంచి వచ్చిన పెద్దమనిషిని కాబట్టి వాక్యం చెప్పమన్నారు. లేఖనాల్లో కుష్ఠుతో బాధపడిన ఒక సేనాధిపతి సంగతి చెప్పాను. అంత గొప్పవాడికి స్వస్థత దారి చూపింది అతని ఇంట్లో పనిచేసే, చెరపట్టి తెచ్చిన చిన్నపిల్ల. ప్రవక్త బురద నదిలో మునగమంటే, మా ఊళ్ళో ఇంతకంటే మంచి నదులు లేవా అని అతను కోపగించుకున్నాడు, చివరికి దిగి మునిగాకే బాగుపడ్డాడు. "ప్రియులారా, దేవుడు ఎవరి నోట మాట్లాడతాడో మనకు తెలియదు. వినే చెవి ఉండాలి," అని చేతులు చాపి చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. బాగా చెప్పానని నాకే అనిపించింది.

తిరిగి వస్తూ ఉంటే దారిలో ఆశా కార్యకర్త నెమ్మదిగా అడిగింది. "సారూ, మా అమ్మ రాయి సంగతి సెప్పింది గదండి. ఓపాలి అటు తిప్పి సూస్తే ఏటవుద్దండి?"

"అది వేరమ్మా," అన్నాను.

వినండి పిల్లలూ. అరగంట కిందట వినే చెవి గురించి ప్రసంగించిన మనిషి ఆ మాట అన్నాడు. పైగా ఆ సాయంత్రం మోకరించి, "ప్రభువా, తూర్పు కొండ మీదినుంచి మాకు సిగ్నల్ దయచేయుము," అని ప్రార్థించాను. దేవుడికే దిక్కు చూపించాను.

సోమవారం పొద్దున్నే డ్రైవరును అరకు పంపించాను. సిగ్నల్ తక్కువ తాగే మందపాటి కేబులు ఆఫీసు స్టోర్లో ఉంది, అది తెమ్మన్నాను. నేను మాత్రం ఊరుకోలేక, యాంటెన్నాను ఇంటి కప్పు మీదే ఒక పొడుగు వెదురుకు కట్టి, పొట్టి కేబులుతో పెట్టెకు తగిలించి, మళ్ళీ తూర్పుకే తిప్పి కూర్చున్నాను. ఒక పిసరు ఇటు, ఒక పిసరు అటు. పెట్టె మీద లైటు ఎర్రగానే ఉంది.

పది గంటల వేళ లోపలినుంచి ఒక మూలుగు వినబడింది. తరవాత ఇంకొకటి. ఆశా కార్యకర్త బయటికి వచ్చింది. ముఖంలో రక్తం లేదు.

"నొప్పులొచ్చీసినాయి. ఇంకా రెండు వారాలుందనుకున్నాం," అంది. మా జీపు నిలబడే చోటు వైపు చూసింది. జీపు లేదు. కొండ వైపు చూసింది. ఒక్క క్షణం నిలబడింది. తరవాత చెప్పులు వదిలేసి, ఫోను కొంగులో చుట్టుకుని, కాఫీ తోటలోకి పరుగెత్తింది.

కప్పు మీద యాంటెన్నా పట్టుకుని ఉన్నాను. జీపును పంపేసినవాణ్ణి నేనే. లైటును ఎర్రగా ఉంచినవాణ్ణీ నేనే. నోట్లోంచి ప్రార్థన కూడా రాలేదు. వచ్చిందల్లా "ప్రభువా" అనే ఒక్క మాట. ఈసారి దిక్కు ఏమీ చెప్పలేదు.

అప్పుడు కూసింది గూడ్సు బండి. ముడి ఇనుము మోసుకుంటూ రోజూ వెళ్ళే బండే. పొడుగ్గా, గంభీరంగా కూసింది. నేను తూర్పుకు తిరిగి ఉన్నాను. బండి తూర్పున ఉంది. కూత మాత్రం నా వీపును తట్టింది. వెనక్కి తిరిగి చూశాను. తెల్లటి రాతి గోడ. కొండ మీదుగా వచ్చిన కూతంతా ఆ రాతికి తగిలి ఊళ్ళోకి పడుతోంది. శబ్దం వేరు, సిగ్నల్ వేరు, నిజమే. కానీ గోడకు తగిలి వెనక్కి రావడం రెండూ చేస్తాయి. ఈ ముక్క నేను పాతికేళ్ళ కిందట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

కింద ముసలామె వసారాలో, కూతురి చెయ్యి పట్టుకుని నా వైపే చూస్తోంది. నోట్లో చుట్ట లేదు.

"అమ్మా! ఆ పెట్టె మీద లైటు చూడు! రంగు మారితే చెప్పు!" అని అరిచి వెదురును తిప్పాను. యాంటెన్నా టవరుకు వీపు పెట్టి బోడిరాయి వైపు తిరిగింది.

"ఎర్రగానే ఉంది!"

కొంచెం పైకెత్తాను.

"ఎర్రగానే! ఇంకాస్త ఎడంపక్కకు తిప్పు బాబూ, ఆ పగులుందే, కూత అక్కడే తగల్తాది!"

రాతి మధ్యలో నిలువుగా ఒక పగులు. దాని వైపు గురిపెట్టాను. మీటరు చూసుకునే తీరిక లేదు.

"పచ్చబడ్డాది! ఆపు! కదపకు! ఊపిరి కూడా తీయకు!"

ఊపిరి తీయకుండానే దిగాను. తొందరలో నిచ్చెన చివరి మూడు మెట్లు తప్పిపోయాయి. మోకాలు చెక్కుకుపోయింది. ముసలామె వసారా అంచుకు వచ్చి రెండు చేతులూ నోటికి అడ్డుపెట్టి కూతురి కోసం ఒక కూత పెట్టింది. ఆ కూత రాయికి తగిలి, ఊరి మీదుగా వెళ్ళి, తూర్పు కొండెక్కింది. పైన కాఫీ తోటలో పసుపు చీర ఆగింది. తిరిగింది. దిగడం మొదలైంది.

నేను అంబులెన్సుకు ఫోను చేశాను. అవతలి గొంతు స్పష్టంగా, పక్కింట్లోంచి వచ్చినట్టు వినబడింది. బండి వేరే ఊరు నుంచి బయలుదేరుతోంది, మట్టి రోడ్డు ఎక్కలేదు, తారు రోడ్డు మలుపు దగ్గర ఉంటాం, అక్కడికి తీసుకురండి అన్నారు. తీసుకెళ్ళాలంటే జీపు కావాలి. డ్రైవరుకు చేశాను. రింగైంది. కట్ చేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ఎత్తాడు.

"నాకే లోనూ వొద్దు! ఎన్నిపాల్లు సెప్పాలి మీకు?"

"ఒరేయ్, నేనురా!"

"నేనంటే ఎవలు?"

"పాస్టరుగారిని!" అని అరిచాను. జీవితంలో ఆ పేరు నేనే ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

"ఓర్నాయనో, ఊల్లోంచే? ఫోను పడిందేటి?" అన్నాడు. సంగతి చెప్పాను. అప్పటికే కేబులు వేసుకుని తిరిగి వస్తున్నాడు, ఊరికి ఇంకా సగం దూరంలో ఉన్నాడు. "బేగి వొచ్చేస్తన్నాను," అన్నాడు. ఆ మట్టి రోడ్డు మీద అతను జీపును ఎలా తెచ్చాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. వచ్చేసరికి జీపు వెనక తలుపు ఒకటి తక్కువగా ఉంది.

జీపులో చాప పరిచి పిల్లను పడుకోబెట్టారు. అక్క పక్కన కూర్చుంది. కదిలేముందు అక్క నా వైపు చూసి, "ఫోను దగ్గరే ఉండండి సారూ, సెప్తాను," అంది. నేనూ ముసలామే వసారాలో మిగిలాం. యాంటెన్నా కదులుతుందేమోనని నేను కప్పు వైపు, ఫోను మోగుతుందేమోనని ఆమె పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాం. ఆమె నాకు రాగులతో కాచిన చోడి అంబలి ఇచ్చింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, ఆమె తన దేవుడికి ఏదో గొణుక్కుంది. ఒకరినొకరం ఏమీ అడగలేదు.

ఎండ రాతి గోడ దాటి వాలుతున్న వేళ పెట్టె మోగింది. ఆ ఊళ్ళో మోగిన మొదటి ఫోను అది. ముసలామె ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. రిసీవరు ఎత్తి ఆమె చెవికి పెట్టాను. చాలాసేపు విన్నది. అవతలినుంచి మాటలు కాదు, సన్నటి ఏడుపు వినబడుతోంది. గాలి పీల్చుకుని, మళ్ళీ కోపంగా ఏడ్చే పసి ఏడుపు.

"గుంట," అంది నా వైపు తిరిగి. ఆడపిల్లన్నమాట. "మంచి గొంతుంది."

ఊరంతా వసారా ముందు చేరింది. వేటగాళ్ళు డప్పులు తెచ్చారు. నన్ను మధ్యలో నిలబెట్టారు. నేనూ, దాచుకోను, కాస్త రొమ్ము విరుచుకునే నిలబడ్డాను. పట్టి తెస్తానన్నది తెచ్చాను కదా. ముసలామె ఇంట్లోకి వెళ్ళి ఒక అడ్డాకు దొప్పతో తిరిగొచ్చింది. తేనేమో అనుకున్నాను. దగ్గరికొచ్చాక వాసన తెలిసింది.

"ఇదేంటమ్మా? సిగ్నల్ తెచ్చాను కదా!"

"నువ్వు తెచ్చినావా?" అంది. "జాడ సూపింది ఎవలు? పగులు సూపింది ఎవలు? పచ్చబడ్డాదని సెప్పింది ఎవలు? యేట నాది బాబూ. నువ్వు కాళీ సేతులతోనే దిగినావు."

ఊరంతా నవ్వింది. తల వంచాను. ఈసారి బకెట్టు కాదు, నాలుగు వేళ్ళు ముంచి చిలకరించింది. ఆ సేనాధిపతి బురద నదిలోకి దిగినప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఆదివారం నాడు నేను అంతసేపు వర్ణించాను. సోమవారం నాడు తెలిసింది.

ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. యాంటెన్నాను టవరుకు ఎదురుగా కాక, వ్యతిరేక దిశలో ఉన్న రాతి గోడ వైపు గురిపెట్టినట్టు, స్థానిక సమాచారం ఆధారంగా అలా చేసినట్టు రాశాను. పైఆఫీసరు ఫోను చేసి, "ఆ స్థానిక సమాచారం ఎవరిది? ఏ సంస్థ సర్వే?" అని అడిగాడు.

"అడ్డపొగ కాల్చే ఒకావిడది సార్," అన్నాను.

"అది రాయకండి," అన్నాడాయన. రాయలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

అందుకే పిల్లలూ, ట్యాబ్ తెరవండి, మ్యాపు చూడండి, మీటరు నమ్మండి. అవన్నీ దేవుడిచ్చిన తెలివే. కానీ కొత్త ఊళ్ళో కర్ర పాతేముందు అక్కడ పుట్టి పెరిగిన ఒక మనిషిని పట్టుకుని, ఇక్కడ చప్పుడు ఎటునుంచి వినబడుతుందని అడగండి. అడిగాక, ఆ మనిషి చూపించిన వైపు ఒక్కసారైనా తిప్పి చూడండి. నాకు మూడు రోజులు పట్టింది. అంతకంటే ఒక్క గంట ఎక్కువ పట్టి ఉంటే ఈ కథ నేను నవ్వుతూ చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఆ పెట్టె ఇంకా పనిచేస్తోంది. ఏటా చైత్రంలో, పండగ మొదటి రోజు పొద్దున్నే, ఆ నంబరు నుంచి నాకు ఫోను వస్తుంది. మొన్న కూడా వచ్చింది. వెనక ఒక చిన్నపిల్ల ఏదో కావాలని గొంతు చించుకుంటోంది. నిజమే, మంచి గొంతు.

"ఏటి బాబూ, ఈయేడు ఏటి యేటాడినావు?" అంది ముసలామె.

"రిటైరైపోయానమ్మా. ఏమీ లేదు. ఖాళీ."

"అలాగే? అయితే బేగి రా," అంది. "నీలు కలిపి ఉంచుతాను."